పూడ్చక ముందే చూడవలసినవి: విద్యుత్ నిర్మాణ పనుల్లో నాణ్యత, కాంట్రాక్టరుతో సంబంధం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు పరిస్థితి ఇది. ఒక సబ్‌స్టేషన్, దానికి వచ్చే లైను, అక్కడి నుంచి బయలుదేరే భూగర్భ కేబుళ్ళు ఉన్న ప్రాజెక్టులో యజమాని సంస్థ తరఫున నాణ్యత బాధ్యత మీకు అప్పగించారు. మీరు తనిఖీకి చేరేసరికి పునాదులు, ఎర్తింగ్ పూడ్చివేసి ఉంటున్నాయి. మీరు రాసిన ఎన్‌సీఆర్‌లు, అంటే నిర్దేశాలకు భిన్నంగా ఉన్న పనిని నమోదు చేసే నివేదికలు, పేరుకుపోయాయి, చాలావాటికి జవాబు రాలేదు. కాంట్రాక్టరు తరఫు ప్రాజెక్టు మేనేజరు మీతో మాట్లాడడం తగ్గించి, నాణ్యత విభాగం వల్లనే పని ఆగుతోందని మీ పై అధికారులకు ఉత్తరాలు రాస్తున్నారు. పై అధికారులు గడువు గురించి తప్ప మరేమీ అడగడం లేదు. గట్టిగా ఉంటే సంబంధం చెడుతోందనీ, మెత్తబడితే పని చెడుతోందనీ, ఈ రెండింటి మధ్య దారి ఏమిటనీ మీరు అడిగారు.

కఠినంగా ఉండే ఇంజనీరుతో పని చేయడానికి మంచి కాంట్రాక్టర్లెవరూ వెనుకాడరు. ఎప్పుడు వస్తారో, వచ్చి ఏమి అడుగుతారో, నిన్న ఒప్పుకున్నదాన్ని రేపు కాదంటారేమో తెలియని ఇంజనీరుతో మాత్రం ఎంత మంచి కాంట్రాక్టరైనా పని చేయలేరు. ఏ పనిని, ఏ దశలో, ఎవరు, ఎంత సమయంలోగా చూడాలన్నది ముందే తేల్చి, ఆ మాటకు ముందుగా యజమాని పక్షమే కట్టుబడి ఉంటే, నాణ్యతకూ సంబంధానికీ కావలసినది ఒక్కటేనని నేను నమ్ముతాను. మీరు వర్ణించిన చికాకులో సగానికి పైగా ఈ ఒక్క విషయం తేలకపోవడం నుంచే వచ్చిందని మీ మాటలను బట్టి అనిపిస్తోంది.

అందువల్ల మొదట చేతిలోకి తీసుకోవలసినది తనిఖీ, పరీక్షల ప్రణాళిక, అంటే సైట్లో అందరూ ఐటీపీ అని పిలిచే పత్రం. చాలాచోట్ల ఇది వెనుకటి ప్రాజెక్టు నుంచి పేరు మార్చి తెచ్చినదై ఉంటుంది, అందులో దాదాపు ప్రతి పనికీ హోల్డ్ పాయింట్ అని రాసి ఉంటుంది. హోల్డ్ పాయింట్ అంటే యజమాని తరఫు సంతకం లేకుండా తర్వాతి పని మొదలుపెట్టకూడదని. విట్నెస్ పాయింట్ అంటే ముందుగా తెలియజేయాలి, మీరు రాకపోతే పని సాగుతుంది, కాంట్రాక్టరు సొంత తనిఖీ పత్రమే ఆధారంగా నిలుస్తుంది. అన్నింటినీ హోల్డ్ పాయింట్లుగా పెడితే ఉన్న కొద్దిమంది ఇంజనీర్లు ఎక్కడికీ వేళకు చేరలేరు. కాంక్రీటు లారీ వచ్చి నిలబడి ఉంటుంది, కూలీలు ఖాళీగా కూర్చుని ఉంటారు, చివరికి మేస్త్రీ పోత పోసేస్తారు. అలా రెండుసార్లు జరిగి ఏమీ కాకపోతే మూడోసారి నుంచి ఆ మాటకు సైట్లో విలువ ఉండదు. మీ పూడ్చివేతల సమస్యకు మూలం ఇక్కడే ఉండవచ్చు.

ఏది హోల్డ్ పాయింటు కావాలో తేల్చడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ పనిలో ఇప్పుడు తప్పు దొర్లితే తర్వాత ఏ పరీక్షతోనైనా దాన్ని పట్టుకోగలమా? పట్టుకోగలిగినవాటిని విట్నెస్ పాయింట్లుగా మార్చి, కాంట్రాక్టరు సొంత నాణ్యతా సిబ్బందికి వదిలిపెట్టండి. పట్టుకోలేనివాటికి మాత్రం హోల్డ్ పాయింట్ పెట్టి, వాటికి ఏ పరిస్థితిలోనూ మినహాయింపు ఇవ్వకండి. ఈ వడపోతను మీరొక్కరే కూర్చుని చేయకుండా కాంట్రాక్టరు క్వాలిటీ ఇంజనీరును పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఎందుకంటే తాను ఒప్పుకున్న జాబితాను ఆయన తన మనుషుల ముందు సమర్థించగలరు. ముందస్తు నోటీసు ఎన్ని గంటలో, ఆ గడువు దాటాక మీరు రాకపోతే ఏమవుతుందో కూడా అందులోనే రాయండి. అంతర్జాతీయ పనుల్లో విరివిగా వాడే ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) ఒప్పందాల 1999 నాటి రెడ్ బుక్‌లో 7.3 నిబంధన సరిగ్గా ఈ విషయమే చెబుతుంది. పని కప్పివేయక ముందు కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాలి, ఇంజనీరు అనవసర జాప్యం లేకుండా వచ్చి చూడాలి లేదా చూడనక్కరలేదని వెంటనే తెలియజేయాలి, నోటీసు ఇవ్వకుండా కప్పివేస్తే ఇంజనీరు కోరినప్పుడు కాంట్రాక్టరు తన ఖర్చుతో తెరిచి చూపించి మళ్ళీ పూర్వస్థితికి తేవాలి. ఈ నిబంధనలో రెండు పక్షాలకూ బాధ్యత ఉంది. మన ఇంజనీర్లు చివరి భాగాన్ని బాగా గుర్తుపెట్టుకుంటారు, మధ్య భాగాన్ని మరచిపోతారు.

విద్యుత్ పనుల్లో తర్వాత పట్టుకోలేనివి ఏవో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ బలమంతా వాటి మీదే పెట్టాలి.

మొదటిది ఎర్తింగ్. నేలలో పరిచిన ఎర్త్ మ్యాట్ అనే లోహపు వల నిరోధాన్ని పూడ్చిన తర్వాత కొలిస్తే విలువ తక్కువే వచ్చింది కదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. మ్యాట్ అంతా సమాంతరంగా కలిసిన పెద్ద వల కనుక, కొన్ని అతుకులు సరిగా లేకపోయినా మొత్తం నిరోధంలో తేడా దాదాపు కనిపించదు. అయితే ఆ చెడిన అతుకు ఒక బ్రేకర్ స్టాండుకో, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కో మ్యాట్ నుంచి పైకి వెళ్ళే రైజర్ పట్టీ దగ్గర ఉంటే, ఫాల్ట్ వచ్చిన క్షణంలో ఆ స్టాండును తాకిన మనిషి ప్రాణానికి రక్షణ ఉండదు. సబ్‌స్టేషన్ ఎర్తింగ్‌కు ప్రామాణికంగా వాడే ఐఈఈఈ 80 మార్గదర్శకం కూడా భద్రతను తేల్చేది తాకినప్పుడు చేతికీ కాళ్ళకూ మధ్య పడే టచ్ వోల్టేజీ, నడిచేటప్పుడు రెండు కాళ్ళ మధ్య పడే స్టెప్ వోల్టేజీల ఆధారంగానే, మొత్తం నిరోధం ఒక్కటి చూసి కాదు. అందువల్ల ప్రతి అతుకుకూ డ్రాయింగు మీద ఒక సంఖ్య ఇచ్చి, పూడ్చక ముందే ఆ సంఖ్య కనిపించేలా ఫోటో తీయించి, అదే రోజు సంతకాలు పూర్తి చేయించండి. పూడ్చిన తర్వాత రైజర్ల మధ్య కరెంటు పంపి కంటిన్యుటీ చూసే పరీక్షను కూడా ఐటీపీలో చేర్చండి. మీ సైట్లో ఇప్పటికే చూడకుండా పూడ్చినవాటి విషయంలో మొత్తం తవ్వించమని ఉత్తరం రాసే ముందు ఈ పరీక్ష చేయించి, అనుమానం వచ్చిన రైజర్ల దగ్గర మాత్రమే తవ్వి చూడవచ్చు. ఆ తవ్వకాల్లో తప్పులు బయటపడితే మాత్రం పరిధిని పెంచక తప్పదు. యార్డులో పరిచే కంకర పొర గురించి కూడా ఒక మాట. అది అందానికో, గడ్డి మొలవకుండా ఉండడానికో మాత్రమే అనుకుని చివర్లో మట్టి కలిసిన రాయి, పలచగా పరిచేవారు ఉంటారు. సాధారణంగా 8 నుంచి 15 సెంటీమీటర్ల మందంతో వేసే ఆ పొర, తడిసినప్పుడు కూడా నిరోధకత నిలుపుకుంటుందన్న లెక్క మీదనే టచ్ వోల్టేజీ అనుమతి పరిమితులు నిర్ణయమై ఉంటాయి. మట్టి కలిస్తే ఆ లెక్క చెల్లదు.

రెండవది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తేమ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను నూనె లేకుండా పొడి గాలితోనో, నైట్రోజన్‌తోనో నింపి కొద్దిపాటి అధిక పీడనంలో రవాణా చేస్తారు. సైటుకు చేరిన గంటలోనే ఆ పీడనం ఎంత ఉందో, దారిలో దెబ్బలు తగిలాయేమో చెప్పే ఇంపాక్ట్ రికార్డరు ఏమి నమోదు చేసిందో మూడు పక్షాలూ, అంటే తయారీదారు, రవాణాదారు, సైట్ కాంట్రాక్టరు కలిసి చూసి రాసుకోవాలి. దించిన తర్వాత చూస్తే ఎవరి బాధ్యతో ఎన్నటికీ తేలదు. రికార్డరు అనుమానం కలిగిస్తే ఫ్యాక్టరీలో తీసిన ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ (వేర్వేరు ఫ్రీక్వెన్సీలకు వైండింగు స్పందన) గ్రాఫుతో సైట్లో తీసిన దాన్ని పోల్చి వైండింగు కదిలిందో లేదో చూడవచ్చు. ఇక అసలు ప్రమాదం, నూనె నింపే ముందు లోపలి గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ దశలో ఉంది. గడువు ఒత్తిడిలో కుదించడానికి అతి సులభమైన పని వాక్యూమ్‌లో ఉంచే గంటలే, ఎందుకంటే ఆ గంటల్లో కంటికి కనిపించే పనేమీ జరగదు. తర్వాత నూనె నమూనా తీసి 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో బ్రేక్‌డౌన్ వోల్టేజీ చూస్తే చక్కటి విలువ వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తేమలో అత్యధిక భాగం నూనెలో ఉండదు, కాగితపు ఇన్సులేషన్‌లో ఉంటుంది. ఫిల్టర్ చేసిన తాజా నూనె బాగుండడం కాగితం పొడిగా ఉందనడానికి రుజువు కాదు. కాబట్టి వాక్యూమ్ మొదలైన సమయం, గంటగంటకూ గేజి చూపిన విలువ, ఆపిన సమయం ఉన్న లాగ్‌షీటు ఇక్కడ అసలు ఆధారం. రాత్రి షిఫ్టులో ఆ షీటును ఎవరు రాస్తున్నారో మీరు స్వయంగా ఒకసారి వెళ్ళి చూడండి.

మూడవది కేబుల్ జాయింట్లు, టెర్మినేషన్లు (కేబుల్ చివరి కనెక్షన్లు). భూగర్భ కేబుల్ వ్యవస్థలో కేబుల్ ఫ్యాక్టరీలో తయారై పరీక్షలు దాటి వస్తుంది, జాయింటు మాత్రం గుంతలో, దుమ్ములో, మనిషి చేతితో తయారవుతుంది. సెమీకండక్టింగ్ పొరను ఒలిచేటప్పుడు కత్తి మొన దాని కింద ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్ మీద చిన్న గీత గీసినా, ఆ గీతలో మిగిలిన గాలి బుడగలో పాక్షిక డిశ్చార్జి, అంటే అతి చిన్న విద్యుత్ మెరుపులు, మొదలై నెలలకో, సంవత్సరాలకో ఇన్సులేషన్‌ను తినేస్తుంది. ఇక్కడ తనిఖీ చేయవలసినది ముందుగా జాయింటరు. ఆ జాయింటు కిట్టు తయారీదారు దగ్గర, ఆ వోల్టేజీ తరగతికే శిక్షణ పొందారా, ధ్రువపత్రంలో ఉన్న మనిషే గుంతలో కూర్చున్నారా అన్నది చూడండి. ప్రతి జాయింటుకూ చేసిన వ్యక్తి గుర్తింపు సంఖ్య, తేదీ, వాతావరణం రాయించండి. ఇది శిక్ష కోసం కాదని జాయింటర్లకు మీరే చెప్పండి. తమ పనికి తమ గుర్తు ఉండడాన్ని మంచి జాయింటర్లు గౌరవంగానే తీసుకుంటారు. పరీక్ష విషయానికొస్తే, ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్ళకు పాత పద్ధతిలో అధిక డీసీ వోల్టేజీ పెట్టి తృప్తిపడకండి. డీసీ వల్ల ఇన్సులేషన్‌లో విద్యుదావేశం పేరుకోవచ్చు, పైగా అది అన్ని లోపాలనూ బయటపెట్టదు. మధ్యస్థ వోల్టేజీ కేబుళ్ళకు 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) పరీక్ష, అంతకు మించినవాటికి రెజొనెంట్ ఏసీ పరీక్ష, వీలైన చోట పాక్షిక డిశ్చార్జి కొలత ఇప్పటి పద్ధతి.

కేబుల్ విషయంలోనే సంబంధాలకు నేరుగా పనికివచ్చే ఒక పద్ధతి ఉంది. కేబుల్ లాగే ముఠా ఒకరిది, ఇసుక వేసి పూడ్చే సివిల్ ముఠా మరొకరిది, జాయింటర్లు ఇంకొకరి మనుషులు. పై తొడుగు ఎక్కడో చీలిందని చివర్లో తెలిస్తే ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు, ప్రధాన కాంట్రాక్టరు ఆ ఖర్చును మీ మీదికి నెట్టడానికి చూస్తారు. కేబుల్ పరిచిన వెంటనే ఒకసారి, పూడ్చిన తర్వాత మరోసారి తొడుగుకు డీసీ పరీక్ష పెట్టండి. ఐఈసీ 60229 ప్రకారం తొడుగు మందంలో మిల్లీమీటరుకు 4 కిలోవోల్టుల చొప్పున, గరిష్ఠంగా 10 కిలోవోల్టులు, 1 నిమిషం. అంత చిన్న పరీక్ష రెండుసార్లు చేస్తే దెబ్బ ఏ దశలో తగిలిందో వాదన లేకుండా తేలిపోతుంది. ఒక ముఠా చేతి నుంచి మరో ముఠా చేతికి పని మారే ప్రతి చోటా ఇలాంటి పరీక్ష, సంతకం ఉండేలా చూడండి. పునాది బోల్టుల కొలతలు సివిల్ నుంచి ఎరెక్షన్‌కు మారేటప్పుడు, కంట్రోల్ కేబుళ్ళు పరిచినవారి నుంచి ప్యానెల్ వైరింగు చేసేవారికి మారేటప్పుడు ఇదే వర్తిస్తుంది. తగాదాల్లో చాలా భాగం ఈ అతుకుల్లోనే పుడతాయి.

లైను పనిలో కండక్టరు కంప్రెషన్ జాయింట్లను ఇదే వరుసలో చేర్చండి. నొక్కడానికి సరైన డై (అచ్చు) వాడారా, నొక్కిన తర్వాత కొలత ఎంత వచ్చింది, లోపలి ఉక్కు తీగ మధ్యలో కుదిరిందా అన్నవి తీగ పైకెక్కిన తర్వాత చూడలేము. టవరు ఉక్కు జింకు పూత మాత్రం ఎప్పుడైనా కొలవవచ్చు. ఐఎస్ఓ 1461 ప్రకారం 6 మిల్లీమీటర్లకు మించిన మందం ఉన్న ఉక్కుకు సగటున 85 మైక్రాన్లు ఉండాలి. దీన్ని ఫ్యాక్టరీ దగ్గరే చూసి, సైట్లో నమూనా తనిఖీతో సరిపెట్టుకోండి. కాంక్రీటులో 28 రోజుల బలపరీక్ష ఫలితం వచ్చేసరికి పైన నిర్మాణం లేచి ఉంటుంది కనుక, తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంపు పరీక్ష, లారీలో నీళ్ళు కలపకుండా కాపలా, 7 రోజుల ఫలితం అసలు పట్టు ఇచ్చేవి. బోల్టు కనెక్షన్లకు టార్క్ రెంచితో బిగించి గీత పెట్టడం, ఆపై 100 ఆంపియర్ల డీసీతో మైక్రో ఓమ్ కొలత చాలు.

ఇప్పుడు మీ ఎన్‌సీఆర్‌ల సంగతి. పేరుకుపోయాయంటే అన్నింటికీ ఒకే బరువు ఇచ్చారని అర్థం. కేబుల్ ట్రే మీద రంగు లోపించడం, రిలేలకు కరెంటు కొలత అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ) సెకండరీ రెండుచోట్ల ఎర్త్ కావడం ఒకే ఫారంలో, ఒకే భాషలో, ఒకే గడువుతో వెళితే కాంట్రాక్టరు రెండింటినీ ఒకేలా పక్కన పెడతారు. చిన్నవాటిని సైట్ అబ్జర్వేషన్ పుస్తకంలో రాసి, వారానికోసారి కలిసి తిరిగి కొట్టివేయండి. రూపకల్పన అవసరాన్ని, భద్రతను, ఆయుష్షును తాకేవాటికే ఎన్‌సీఆర్ ఉంచండి. ప్రతి ఎన్‌సీఆర్‌లో ఏ డ్రాయింగు, ఏ నిబంధన, ఎంత ఉండాలి, ఎంత ఉంది అన్న నాలుగు సంగతులు ఉంటే చాలు. 'పని నాసిరకంగా ఉంది', 'నిర్లక్ష్యం' లాంటి మాటలు అందులో ఉండకూడదు. అటువంటి మాట ఒక్కటి రాస్తే జవాబు ఆ మాటకే వస్తుంది, లోపానికి రాదు. పరిష్కారం కూడా ఎప్పుడూ కూల్చి కట్టడమే అయి ఉండనక్కరలేదు. మళ్ళీ చేయడం, మరమ్మతు చేయడం, డిజైనరు లెక్కతో సహా ఒప్పుకుంటే ఉన్నదున్నట్టు అంగీకరించడం, తిరస్కరించడం, వీటిలో ఏదో ఒకటి తేల్చాలి. ఉన్నదున్నట్టు అంగీకరించే అధికారం మీది కాదు, డిజైనరుది. ఆ గీతను మీరు కాపాడితే, రేపు ఎవరో ఒత్తిడి చేసి మీ చేత సంతకం పెట్టించే అవకాశమే ఉండదు. పేరుకున్నవాటిలో మొదట తేల్చవలసినవి, పైన మరో పని వచ్చి కప్పేయబోతున్నవి. ఒక పూట కాంట్రాక్టరు మేనేజరుతో కూర్చుని, పాతవాటిలో అసలు అవసరం లేనివి ఏవో మీరే ముందుగా మూసివేయండి. ఆ తర్వాత మిగిలినవాటి విషయంలో మీరు అడిగే దానికి బరువు వస్తుంది.

ఎన్‌సీఆర్‌ల సంఖ్యను కాంట్రాక్టరు పనితీరుకు కొలమానంగా మాత్రం ఎన్నడూ చూపకండి. చూపిన రోజు నుంచి ఆయన మనుషులు లోపాలు దాచడం మొదలుపెడతారు. తమ తప్పును తామే పట్టుకుని తెచ్చి చూపిన ఫోర్‌మన్‌ను పదిమంది ముందు మెచ్చుకోండి, ఆ మెచ్చుకోలును ఉత్తరంగా కూడా పంపండి. లోపాల గురించి రాసినంత శ్రద్ధగా మంచి పని గురించి రాసే యజమాని ఇంజనీర్లు అరుదు. ఆ ఉత్తరం కాంట్రాక్టరు కార్యాలయంలో గోడకెక్కడం నేను చూశాను.

సంబంధం గురించి మాట్లాడేటప్పుడు డబ్బు గురించి మాట్లాడకుండా ఉండలేము. ప్రధాన కాంట్రాక్టరుకు బిల్లు ఆలస్యమైతే ఆ దెబ్బ చివరికి జాయింటరు కూలి దాకా వెళుతుంది. అనుభవమున్న ముఠా వెళ్ళిపోయి, పని తెలియని ముఠా వస్తుంది. అప్పుడు ఎన్ని హోల్డ్ పాయింట్లు పెట్టినా ప్రయోజనం లేదు. కాబట్టి పని సరిగా ఉన్నప్పుడు కొలతలు అదే వారం పూర్తి చేసి బిల్లు ముందుకు కదిలేలా చూడడం నాణ్యతా ఇంజనీరు పనిలో భాగమే. అంగీకరించిన పనికి సంబంధించిన బిల్లును, వేరే చోట ఉన్న లోపానికి బెదిరింపుగా పట్టి ఉంచవద్దు. లోపమున్న అంశానికి, ఒప్పందం అనుమతించిన మేరకే ఆపండి. చెల్లింపుల విభజన ఇంకా మీ చేతిలో ఉంటే, సామగ్రి సైటుకు చేరగానే పెద్ద మొత్తం చెల్లిపోయే ఏర్పాటును మార్పించండి. అలా అయితే చివర్లో పరీక్షలకు, డ్రాయింగుల సవరణకు కాంట్రాక్టరును సైట్లో నిలిపి ఉంచేంత డబ్బు మిగలదు. పరీక్షల పూర్తికి, తుది పత్రాల అప్పగింతకు చెప్పుకోదగ్గ వాటా కేటాయించాలి.

యజమాని పక్షం తన తప్పులు తాను చూసుకోవలసిన చోట్లు మరికొన్ని ఉన్నాయి. డ్రాయింగు ఆమోదం వారాల తరబడి ఆపి, ఆ జాప్యాన్ని సైట్లో పూడ్చుకోమంటే నాణ్యతే బలవుతుంది. ఆమోదానికి ఎన్ని రోజులో ఒప్పందంలో ఉంటుంది. ఆ రోజుల లెక్కను మీరే ప్రతి సమావేశంలో చూపించండి, మీ పక్షానికి ఇబ్బంది కలిగినా సరే. ఇంతకంటే ప్రమాదకరమైనది నోటి మాట మీద చేయించే అదనపు పని. 'చిన్న పనే కదా, ఒక గోడ కట్టించండి, రెండు లైట్లు పెట్టించండి' అని అడిగిన ఇంజనీరు, మరుసటి వారం క్రింపింగు సరిగా లేదని చెప్పలేరు. ఆ గోడ ధర రెండు పక్షాలకూ తెలుసు. ఒప్పందంలో లేనిది కావాలంటే వేరియేషన్ ఉత్తరం రాయండి, ధర తేల్చండి, తర్వాతే పని. కాంట్రాక్టరు వాహనం, విందు, బహుమతి విషయంలో కూడా అంతే కచ్చితంగా ఉండండి. నేరుగా కూలీలకు, ముఠా మేస్త్రీలకు ఆదేశాలివ్వడం మానండి. ప్రాణాపాయం కనిపిస్తే ఎవరైనా, ఎవరి పనినైనా ఆపవచ్చు, ఆపాలి; మిగతా ఏ మాటైనా కాంట్రాక్టరు ఇంజనీరు ద్వారానే వెళ్ళాలి.

కాంట్రాక్టరు అదనపు సమయమో, డబ్బో కోరే క్లెయిముల గురించి భయపడవద్దు. ఫిడిక్ 1999 ఒప్పందంలో 20.1 ప్రకారం కారణం తెలిసిన 28 రోజుల్లోగా కాంట్రాక్టరు నోటీసు ఇవ్వకపోతే హక్కు పోతుంది. అందుకనే ఆయన నోటీసు పంపుతారు. అలా నోటీసు రావడాన్ని శత్రుత్వంగా తీసుకునే ఇంజనీర్లను చూశాను, అది సరికాదు. ఆయన తన హక్కు కాపాడుకుంటున్నారు, అంతే. వచ్చిన నోటీసుకు వాస్తవాలతో, అదే వారంలో జవాబివ్వండి, తనిఖీ గదిలో మామూలుగానే మాట్లాడండి. సాంకేతిక విభేదం తెగకపోతే ఇద్దరి సమక్షంలో మూడో ప్రయోగశాలలో పరీక్ష చేయించడానికి ముందే ఒప్పుకుని ఉంచుకోండి. అది కూడా తేల్చకపోతే సైటు స్థాయి నుంచి ప్రాజెక్టు డైరెక్టర్ల స్థాయికి ఎన్ని రోజుల్లో వెళ్ళాలో రాసుకోండి. ఇప్పుడు కాంట్రాక్టరు మేనేజరు మీ పై అధికారులకు ఉత్తరాలు రాయడానికి కారణం అలాంటి దారి లేకపోవడమే కావచ్చు.

ఫ్యాక్టరీ తనిఖీల్లో ఒకటే చెబుతాను. ఒక నమూనా పరికరం మీద చేసే టైప్ టెస్టు నివేదిక ఉందా అన్నంత మాత్రాన ఆగకండి. పరీక్షించిన పరికరం, మీకు వస్తున్న పరికరం ఒకటేనా, మధ్యలో బుషింగో, ట్యాప్ ఛేంజరో, ఉప సరఫరాదారో మారారా అని చూడండి. మారితే నివేదిక మీకు వర్తించకపోవచ్చు.

మీ పై అధికారుల గడువు ఒత్తిడికి అసలైన పరీక్ష, పరికరాలను పరీక్షించి వాడుకలోకి తెచ్చే కమిషనింగ్ దగ్గర వస్తుంది. ముందున్న ప్రతి జాప్యమూ పేరుకుని చివరికి కమిషనింగ్ రోజుల మీద పడుతుంది, ఎందుకంటే మొదటిసారి విద్యుత్ ఇచ్చే ఛార్జింగ్ తేదీ కదలదు. అక్కడ వదిలేసేవి సాధారణంగా సెకండరీ వైరింగు పరీక్షలు. సీటీ పొలారిటీ తారుమారైతే, న్యూట్రల్ వైపు రెండు ఎర్తులు ఉంటే, లోపలికి వచ్చే, బయటికి పోయే కరెంట్లను పోల్చి ఫాల్ట్‌ను పట్టే డిఫరెన్షియల్ రిలే మామూలు రోజుల్లో మౌనంగా ఉండి, బయటి ఫాల్ట్ వచ్చిన రోజు అనవసరంగా ట్రిప్ చేస్తుంది, లేదా లోపలి ఫాల్ట్‌కు కదలదు. ప్రధాన సర్క్యూట్లోకే కరెంటు పంపి చూసే ప్రైమరీ ఇంజెక్షన్, బయటి ఫాల్ట్‌కు రిలే కదలకుండా ఉంటుందో లేదో చూసే స్టెబిలిటీ పరీక్ష, ట్రిప్ సర్క్యూట్ ప్రతి గొలుసునూ బ్రేకరు కదిలే దాకా చూడడం, వీటిని కుదించే హక్కు ఎవరికీ లేదని ప్రాజెక్టు మొదటిలోనే రాయించుకోండి. కమిషనింగుకు కావలసిన రోజులను కార్యక్రమంలో విడిగా, ఎర్రగీతతో వేరు చేసి చూపించండి. పై అధికారులకు అర్థమయ్యే భాష తేదీలదే కనుక, ఏ పరీక్ష వదిలేస్తే ఏ ప్రమాదానికి సంతకం పెట్టినట్టో ఒక పేజీలో రాసి, సంతకానికి వారి ముందుంచండి. దాన్ని బెదిరింపుగా కాక, నిర్ణయం ఎవరిదో తేల్చే పత్రంగా ఇవ్వండి. చాలాసార్లు ఆ పేజీ చూశాక రోజులు దొరుకుతాయి.

ఛార్జింగ్ అయ్యాక కూడా కాంట్రాక్టరు ఇంజనీరు ఒకరు లోపాల బాధ్యత కాలం మొదటి నెలల్లో అందుబాటులో ఉండేలా చూడండి. థర్మల్ కెమెరాతో కనెక్షన్లు చూసే పనిని లోడు పెరిగిన తర్వాత పెట్టుకోండి. వేడి విద్యుత్ ప్రవాహం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, పూర్తి లోడులో 30 శాతం దగ్గర తీసిన ఫోటోలో 9 శాతం వేడే ఉంటుంది, వదులుగా ఉన్న బోల్టు కనిపించకపోవచ్చు. ఆ పరిశీలన ఆయన సమక్షంలో చేసి, దొరికిన వేడి బిందువులను ఇద్దరి సంతకాలతో పనుల జాబితాలో చేర్చి, సవరించిన తర్వాత మళ్ళీ అదే లోడు దగ్గర ఫోటో తీయించండి. సైట్లో ఎర్ర పెన్నుతో మార్చిన వైరింగు డ్రాయింగులన్నీ తుది ప్రతుల్లోకి ఎక్కాయో లేదో కూడా, ఆ మార్పులు చేసిన మనుషులు సైట్లో ఉండగానే, ఒక ప్యానెల్ తర్వాత ఒకటి తెరిచి సరిచూడండి.